చెట్టు మన దుష్మన్ కాదు



పోయిన జుమా రోజు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఫలస్తీన్‌లో ఏదో ఊరి కొండవాలు. నరికి పడేసిన జైతూన్ చెట్లు. ఒక ముసలావిడ మోడును కావలించుకుని ఏడుస్తోంది. కింద తెలుగులో రాసిన మాట: చెట్లు నరకమని నేర్పేది యహూదీల మజ్‌హబ్, చెట్లు కాపాడమని నేర్పేది మన దీన్, పది మందికి పంపండి. అరగంట కాకముందే గ్రూపులో సగం మంది ఆమీన్ పెట్టేశారు.

నేను పెట్టలేదు. 'ఫొటోలో జుల్మ్ నిజం. కింద రాసిన మాట అబద్ధం' అని రాశాను. కాసేపటికి మా అప్పా కొడుకు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, మంచి పిల్లాడు, నమాజీ. "మామూ, ఇంతకీ మీరు ఎవరి వైపు?" అన్నాడు.

బేటా, నేను ఆ ముసలావిడ వైపు. ఆ చెట్ల వైపు. అందుకే ఆ అబద్ధం నాకు గిట్టలేదు. ఎందుకు గిట్టలేదో ఫోన్‌లో చెబితే తెమిలేది కాదు. ఇక్కడ రాస్తున్నాను. నువ్వూ చదువు, ఆమీన్ పెట్టినవాళ్లకూ చదివి వినిపించు.

ముందు వాళ్ల కితాబు సంగతి. మనం తౌరాత్ అంటాం. మన ఊళ్లో క్రైస్తవ సోదరుల ఇళ్లలో ఉండే తెలుగు బైబిల్‌లో అది ద్వితీయోపదేశకాండం, 20వ అధ్యాయం, 19, 20 వచనాలు. అక్కడున్న హుకుం సారాంశం ఇది. మీరు ఒక పట్టణాన్ని ముట్టడించారు. రోజుల తరబడి కోట బయట కూర్చున్నారు. అలాంటప్పుడు కూడా ఆ పట్టణం చుట్టూ ఉన్న చెట్ల మీద గొడ్డలి ఎత్తొద్దు. వాటి పళ్లు తినొచ్చు, చెట్టును మాత్రం కొట్టొద్దు. పొలంలో నిలబడ్డ చెట్టు ఏమైనా మనిషా, మీరు దాన్ని ముట్టడించడానికి? పళ్లు కాయదని మీకు ఖచ్చితంగా తెలిసిన చెట్టయితే నరికి ముట్టడి పనులకు వాడుకోవచ్చు.

గమనించండి, ఇది సుల్హ్ కాలంలో చెప్పిన మాట కాదు. జంగ్ మధ్యలో, కోటలో ఉన్నవాడు ఎప్పుడు లొంగుతాడా అని కసి మీద ఉన్న సిపాయికి చెప్పిన మాట. చెట్లన్నీ కొట్టేస్తే కోటలోవాడు తొందరగా లొంగుతాడని ఆ సిపాయికి తెలుసు. అయినా వద్దన్నది ఆ షరియత్. యహూదీ ఉలమా దీనికి పెట్టుకున్న పేరు బల్ తష్‌హీత్. నాశనం చేయవద్దు అని అర్థం. మన ఫసాద్ అనే మాటకు దగ్గరి చుట్టం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అదే అధ్యాయంలో, ఈ చెట్ల హుకుంకు కాస్త పైనే, కనాన్ పట్టణాల్లో ఊపిరి ఉన్న దేన్నీ మిగల్చవద్దనే కఠినమైన వచనాలు కూడా ఉన్నాయి. ఈ రోజు వాటిని జెండాలా పట్టుకుని తిరిగేవాళ్లు ఆ దేశంలో ఉన్నారు. చెట్టు మీద దయ, మనిషి మీద గొడ్డలి, రెండూ ఒకే పేజీలో. కితాబు చదివేవాడు ఏ వచనాన్ని గొడ్డలి చేసుకుంటున్నాడు, ఏ వచనంతో గొడ్డలి పట్టిన తన చేతిని ఆపుకుంటున్నాడు అన్నదే అసలు సవాల్. ఇది వాళ్లకే కాదు, మనకూ ఉన్న సవాల్. దాని దగ్గరికి వస్తాను.

వాళ్ల ఉలమా ఈ చెట్ల హుకుంను ముట్టడి దగ్గర వదిలిపెట్టలేదు. వాళ్ల తల్మూద్‌లో బహస్ నడిచింది: ఎంత కాసే చెట్టును కొట్టకూడదు? ఖజూర్ చెట్టుకు ఒక కొలత, జైతూన్‌కు అందులో పావు వంతు చాలన్నారు. జైతూన్ అంత విలువైనది కాబట్టి. అంటే కాపు తగ్గి, చేతికి కాసిన్ని కాయలు ఇచ్చే ముసలి జైతూన్‌ను కూడా ముట్టుకోవద్దని. ఒక ఆలిమ్ అయితే తన కొడుకు చావుకు కారణం వాడు కాలం తీరని అంజీర్ చెట్టును కొట్టడమేనని చెప్పుకున్నాడు. అంత భయం ఉండేది వాళ్లకు.

తర్వాత మూసా బిన్ మైమూన్. ఇంగ్లిషు పుస్తకాల్లో మైమోనిడీస్ అంటారు. 12వ శతాబ్దంలో ఖుర్తుబాలో పుట్టి, ఈజిప్టులో సుల్తాన్ సలాహుద్దీన్ దర్బారులో హకీముగా పనిచేసి, 1204లో చనిపోయినవాడు. మనవాళ్ల నీడలో బతికి, అరబ్బీలో కితాబులు రాసిన యహూదీ ఆలిమ్. ఆయన తన షరియత్ కితాబులో ఏం రాశాడంటే, ముట్టడిలోనే కాదు, ఎక్కడైనా సరే, పాడుచేయాలనే నియ్యత్‌తో పళ్ల చెట్టు కొట్టినవాడికి కొరడా దెబ్బలు. చెట్టు ఎండిపోయేలా నీటి కాలువ మళ్లించడం కూడా మనా. చెట్టు పక్కవాడి చేనుకో, మంచి చెట్లకో నష్టం చేస్తుంటే, లేదా కర్ర ధర ఎక్కువ పలికితే కొట్టుకోవచ్చు. కానీ కసితో కొట్టడం, బట్టలు చించడం, గిన్నెలు పగలగొట్టడం, నీటి ఊట పూడ్చడం, తిండి పారేయడం, ఇవన్నీ ఒకే గునాహ్ గంపలోవి.

ఇప్పుడు చెప్పండి, జైతూన్ చెట్లు నరికే ఆ సెట్లర్ కుర్రాడు తన మజ్‌హబ్ మాట వింటున్నాడా, తన్నేస్తున్నాడా? వాడు తన తౌరాత్‌కే ముజ్రిమ్. ఈ మాట నేను అనడం కాదు, వాళ్లలోనే అంటున్నవాళ్లు ఉన్నారు. 1988లో మొదలైన 'రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్' అనే యహూదీ మతపెద్దల జమాత్ ఏటా జైతూన్ కోతల కాలంలో ఫలస్తీనీ రైతుల పక్కన నిలబడి కాయలు కోస్తుంది. రైతులు తమ తోటల్లోకి వెళ్లేలా కాపాడే బాధ్యత ఫౌజ్‌దేనని 2006లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. ఆ తీర్పు నేల మీద ఎంత అమలైందో మనం ఫొటోల్లో చూస్తున్నాం. గాజాలో అయితే 2024 సెప్టెంబరు నాటికి సాగు భూమిలో మూడింట రెండు వంతులకు పైగా దెబ్బతిన్నదని ఐక్యరాజ్య సమితి సంస్థలు ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కకట్టాయి. అందులో తోటలూ ఉన్నాయి.

కాబట్టి జాలిమ్‌ను అడగాల్సింది 'మీ మజ్‌హబ్ ఇంత చెడ్డదా?' అని కాదు. 'నీ కితాబు నీకే వద్దని చెప్పింది కదరా, ఏ ముఖంతో నరికావు?' అని. మొదటి ప్రశ్న వాడికి పండగ. చూశారా, వీళ్లకు మన మజ్‌హబ్ అంటేనే పగ అని చెప్పుకుని తప్పించుకుంటాడు. రెండో ప్రశ్నకు వాడి దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి. యహూదీ అనగానే మనకు టీవీలో కనిపించే బందూకు సిపాయి గుర్తొస్తాడు. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు. బెనె ఎఫ్రాయిమ్ అంటారు వాళ్లను. దళిత కుటుంబాలవాళ్లు, చాలామంది రెక్కల కష్టం మీద బతికేవాళ్లు. వాళ్లు కూడా శనివారం కూర్చుని చదువుకునే తౌరాత్‌లో ఉన్నది ఈ చెట్ల హుకుమే. మన ఫార్వర్డ్ మెసేజ్ తెలుగులో ఉంది కాబట్టి వాళ్లకూ చేరుతుంది. ఏ ఖసూర్‌కు వాళ్లను తిడుతున్నాం?

ఇక మన ఇల్లు చూసుకుందాం.

మనం గర్వంగా చెప్పుకునే వసియ్యత్ ఒకటుంది. హజ్రత్ అబూబకర్ (రజి.) ఖలీఫాగా షామ్ వైపు లష్కర్‌ను పంపుతున్నప్పుడు, సిపహ్‌సాలార్ యజీద్ బిన్ అబీ సుఫియాన్ గుర్రం మీద ఉంటే, ఖలీఫా పక్కన కాలినడకన నడుస్తూ చెప్పిన పది మాటలు. ఇమామ్ మాలిక్ తన మువత్తాలో రాసి ఉంచారు. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను చంపొద్దు. కాసే చెట్టు కొట్టొద్దు. మనుషులున్న ఊళ్లు పాడుచేయొద్దు. గొర్రెనైనా ఒంటెనైనా తినడానికి తప్ప కోయొద్దు. ఇలా సాగుతుంది. మోషే షరియత్‌కూ మన ఖలీఫా మాటకూ ఎంత దగ్గరో చూడండి. ఒకే ఊటలోంచి వచ్చిన నీళ్లు కాబట్టి.

ఈ వసియ్యత్‌ను మనం ఎలా వాడుతున్నాం? షోకేసులో కప్పులా. ఎవరైనా వస్తే చూపించడానికి. కానీ షోకేసు తలుపు తీస్తే పక్కన ఇంకోటి కూడా ఉంటుంది, దాన్ని మనం పైకి తీయం. అది సూరా హష్ర్ ఐదో ఆయత్.

హిజ్రీ నాలుగో సంవత్సరం. మదీనా పక్కన బనూ నజీర్ అనే యహూదీ కబీలా కోటల ముట్టడి. ముట్టడిలో వాళ్ల ఖజూర్ చెట్లు కొన్నిటిని నరికారు, కాల్చారు. సహీ బుఖారీలోనే ఉంది. సీరత్ కితాబుల్లో ఏముందంటే, కోట మీంచి ఆ యహూదీలు అడిగారు, ఫసాద్ వద్దని చెప్పే మీరు ఈ చెట్లు కొట్టడమేమిటని. ముసల్మానుల మనసుల్లో కూడా ఖటక్‌మంది. కొందరు కొట్టారు, కొందరు చేతులు ఆపుకున్నారు. అప్పుడు ఆయత్ దిగింది. కొట్టినవీ, వేళ్ల మీద నిలబెట్టి వదిలినవీ, రెండూ అల్లాహ్ ఇజాజత్‌తోనే అని.

మా నాయనా, చూశావా, మనదీ అంతేగా అని ఎవరైనా అంటే ఏం చెబుతావు? ఫార్వర్డ్ రాసినవాడికి ఈ ఆయత్ తెలియదు. తెలిసినవాడు నోరు మూసుకున్నాడు. ఆ యహూదీల ప్రశ్నను మన కితాబులు దాచలేదు. మనమే దాచుకుంటున్నాం.

వాళ్లకూ ఇలాంటి ముడి ఉంది. తౌరాత్‌లో చెట్లు కొట్టొద్దని ఉంటే, రాజుల రెండో గ్రంథం మూడో అధ్యాయంలో మోయాబు మీద జంగ్ జరిగినప్పుడు మంచి చెట్లన్నీ కొట్టేయండి, నీటి ఊటలు పూడ్చేయండి అని ఒక నబీ చెప్పినట్టు ఉంది. ఆయన ఎవరో కాదు, ఎలీషా. మనం హజ్రత్ అల్‌యసా అలైహిస్సలాం అంటాం. మరి ఉసూల్ ఏమైంది? మూసా బిన్ మైమూన్ ఇచ్చిన జవాబు నాకు నచ్చుతుంది. అది నబీ నోటి నుంచి ఆ ఒక్క సందర్భానికి వచ్చిన హుకుం. సందర్భం పోయింది, ఉసూల్ మిగిలింది.

హష్ర్ ఆయత్‌ను కూడా నేను అలాగే చదువుకుంటాను. మన ఇమాముల్లో చాలామంది జంగీ జరూరత్ ఉంటే చెట్టు కొట్టడం జాయిజ్ అన్నారు, నిజమే. ఇమామ్ ఔజాయీ మాత్రం అబూబకర్ గారి వసియ్యత్ పట్టుకుని వద్దన్నారు. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. ఒక్క ప్రశ్న అడుగుతాను. రసూలుల్లాహ్ (స.అ.స) లష్కర్‌లో ఉన్న సహాబాకే చెట్టు కొట్టాక మనసు కుదుటపడలేదు. ఆ బేచైనీ తీరడానికి ఆకాశం నుంచి ఆయత్ దిగాల్సి వచ్చింది. ఒక్క ఖజూర్ చెట్టు కొట్టడానికి వహీ కావాల్సి వచ్చిందంటే, మామూలు రోజుల్లో చెట్టుకు ఎంత ఇజ్జత్ ఉన్నట్టు? ఇప్పుడు వహీ బంద్ అయింది. నబీ రాడు. మరి ఈ రోజు గొడ్డలి ఎత్తేవాడు ఎవరి ఇజాజత్‌తో ఎత్తుతున్నాడు? కొండవాలు మీద సెట్లర్‌కైనా, కొబ్బరితోటలో మనకైనా, ప్రశ్న ఒకటే.

కొబ్బరితోట అన్నాను కదా. అసలు చెప్పాల్సింది ఇది.

మాది పెనుగొండ అంటే బయటివాళ్లు, ముఖ్యంగా ముసల్మానులు, 'ఓ, బాబా ఫక్రుద్దీన్ దర్గా ఊరా?' అంటారు. కాదు, అది అనంతపురం వైపు పెనుకొండ. మాది పశ్చిమ గోదావరి. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి, చుట్టూ వరి, గట్ల మీద కొబ్బరి. వాసవీ కన్యకా పరమేశ్వరి ఊరు. ఊరంతా చెప్పుకునే ఆ కథలో రాజు దండెత్తి వస్తే, మనుషులు చచ్చే జంగ్ వద్దని ఆ అమ్మాయి తానే నిప్పుల్లోకి నడిచింది. జంగ్ వద్దన్న ఊరు మాది అని మా తెలుగు మాస్టారు చెప్పేవారు.

ఆ పెనుకొండ వైపు, సీమలో, జర్నలిస్టుగా నేను ఫ్యాక్షన్ వార్తలు ఎన్నో రాశాను. అక్కడ బాంబులు, కొడవళ్లే కాదు, చీనీ చెట్లు నరకడం కూడా జంగే. తెల్లారేసరికి అవతలివాడి తోటలో చెట్లన్నీ నేల మీద ఉంటాయి. మనం బత్తాయి అంటాం. కాపుకు రావడానికి నాలుగైదేళ్లు నీళ్లు పోసి, అప్పు చేసి పెంచిన చెట్లు. మనిషిని చంపితే కేసు, జైలు. చెట్లు కొడితే ఆ ఇంటి పిల్లల చదువు, ఆడపిల్ల నికాహో పెళ్లో, పదేళ్ల తిండి ఒక్క రాత్రిలో పోతాయి. సిటీలో కూర్చుని ఆ వార్తలు చదివి, సీమవాళ్లు మోటు మనుషులు అనుకునేవాళ్లం.

నేను అనుకోవడానికి వీల్లేదు. మా ఇంట్లో కూడా అదే జరిగింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు దాదా జాయిదాద్ పంపకంలో అబ్బాకూ బడే అబ్బాకూ ఒక గట్టు దగ్గర పేచీ వచ్చింది. గట్టు మీద తొమ్మిది కొబ్బరి చెట్లు. పెద్దమనుషులు కూర్చుని గట్టు బడే అబ్బాదే అన్నారు. ఆ తీర్పు నాయమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. తీర్పయిన మూడో రోజు, ఫజర్ నమాజు చదివి వచ్చి, అబ్బా ఇద్దరు మనుషులను పెట్టి తొమ్మిదిటినీ కొట్టించారు. గెలలు దింపలేదు కూడా. లేత కాయలు బోదెలో పడి తేలాయి. మంచినీళ్ల బిందె మోసుకెళ్లింది నేనే. 'వాడి పిల్లలు ఈ కాయలు తినకూడదు' అన్నారు అబ్బా. వాడి పిల్లలంటే నాతో గోళీలాడే మా అన్నలు, అప్పాలు.

అబ్బా చెడ్డవాడు కాదు. నమాజు తప్పేవాడు కాదు. అబూబకర్ గారి వసియ్యత్ నాకు మొదట చెప్పింది ఆయనే. షామ్‌లో రూమీల చెట్లు కొట్టకూడదని తెలిసిన మనిషి, సొంత అన్న చెట్లు కొట్టాడు. ఎందుకంటే ఆ వసియ్యత్ ఆయన దృష్టిలో ఎప్పుడో ఎక్కడో లష్కర్‌కు చెప్పింది. గట్టు మీదికి రాదనుకున్నాడు.

ఆ తర్వాత ఏడేళ్లు రెండిళ్ల మధ్య ఈద్ సలాం లేదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకు గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్లు నేలకూలినప్పుడు ఊరంతా ఏడ్చింది. మా అబ్బా ఏడవలేదు, తల దించుకుని కూర్చున్నారు. తుఫానుకు అఖల్ లేదు, నాకుంది కదా అని అమ్మీతో అన్నారట.

మన ప్రాంతంవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. వేప కొడితే మళ్లీ చిగురిస్తుంది. జైతూన్ కూడా మొదట్లోంచి మొలకేస్తుంది. కొబ్బరి, ఖజూర్ అలా కాదు. ప్రాణమంతా ఒక్క మొవ్వులో. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. మళ్లీ మొక్క పెట్టి ఆరేడేళ్లు ఆగాలి. అరవై ఏళ్లు కాసే చెట్టును పది నిమిషాల కోపం మింగేస్తుంది. మనవడు తినాల్సినదాన్ని తాత కోపం తినేసింది.

గొడ్డలి ఇనుముదే కానక్కర్లేదు. నీటి కాలువ మళ్లించడం కూడా నరకడమేనని ఆ యహూదీ హకీము రాశాడని చెప్పాను. డెల్టాలో బతికే మనకు ఈ మాట తగలాలి. పై చేనువాడి మీద కోపంతో బోదె కట్టేసినవాళ్లు, పక్కవాడి కొబ్బరి ఎర్రబడి చస్తోందని తెలిసీ ఉప్పునీళ్ల చెరువు తవ్వినవాళ్లు మనలోనూ ఉన్నారు. అడిగితే నా భూమి, నా ఇష్టం అంటారు. సూరా బఖరా 205వ ఆయత్ తీసి చూడండి. పంటలను, నస్ల్‌ను పాడుచేసేవాడి గురించి ఏముందో. అక్కడ భూమి ఎవరి పేరు మీద ఉందన్న మాట లేదు.

నా మీద ఒక ఎతరాజ్ వస్తుందని తెలుసు. గాజాలో పిల్లలు చస్తుంటే చెట్ల గురించి రాస్తున్నావా అని. పిల్లల ప్రాణం ముందు ఏ చెట్టూ లెక్కలోకి రాదు, సందేహం లేదు. కానీ ఖలీఫా ఒకే ఊపిరిలో పిల్లలు, ముసలివాళ్లు, చెట్లు అన్నారు. వేరు చేయలేదు. చెట్టు దగ్గర చెయ్యి ఆగనివాడికి పిల్లాడి దగ్గర ఆగదు. పైగా చెట్టు కొట్టడమంటే ఆ ఊరివాళ్లు మళ్లీ ఇక్కడికి రాకూడదు, వచ్చినా తినడానికి ఏమీ ఉండకూడదు అని రాసి పెట్టడం. అబ్బా అన్న మాట కూడా అదేగా, వాడి పిల్లలు తినకూడదు.

దుష్మన్‌కు వ్యతిరేకంగా కితాబు చదవడం సులువు. ఎవడైనా చదువుతాడు. తన చేతిలో గొడ్డలి ఉన్నప్పుడు చదివినవాడే ముమిన్. ఫలస్తీనీ రైతు పక్కన నిలబడి కాయలు కోసే ఆ రబ్బీ తన కితాబును తన ఖౌమ్ ముందు పెట్టి చదువుతున్నాడు. మనలో ఎంతమంది అలా చదువుతున్నారు?

అందుకే నా అర్జీ మూడు మాటలు. ఒకటి, జైతూన్ ఫొటో పంపండి, తప్పక పంపండి, కింద మాత్రం వీళ్లు తమ తౌరాత్ హుకుంనే తొక్కేశారని రాయండి. అది నిజం, దానికి బలం ఎక్కువ. రెండు, మసీదుల్లో ఖతీబ్ సాహెబులు అబూబకర్ గారి వసియ్యత్ చెప్పేటప్పుడు షామ్‌లో ఆపేయకండి, గట్టు దాకా, బోదె దాకా తీసుకురండి. మూడు, పంపకాల పేచీలో కూర్చునే పెద్దమనుషులారా, కాగితం మీద మొదటి లైను ఇది రాయించండి: తీర్పు ఎటు వచ్చినా చెట్టు మీద చెయ్యి వేయకూడదు, నీళ్లు ఆపకూడదు. రెండు వైపులా సంతకం పెట్టించండి. ఆ ఒక్క లైను ఆ రోజు ఉండి ఉంటే మా రెండిళ్లు ఏడు ఈదులు పోగొట్టుకునేవి కావు.

బేటా, నువ్వు అడిగిన ప్రశ్నకు ఇంకొంచెం జవాబు బాకీ ఉంది. బడే అబ్బా ఆ గట్టు మీద మళ్లీ తొమ్మిది మొక్కలు పెట్టారు. ఇప్పుడవి కాస్తున్నాయి. అబ్బా ఇంతెఖాల్ అయిన రోజు జనాజాకు వచ్చినవాళ్లకు తాగడానికి బొండాలు దింపించింది ఆయనే, ఆ చెట్ల నుంచే. నేనూ ఒకటి తాగాను. ఆ నీళ్లు గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. ఈసారి పెనుగొండ వస్తే నిన్ను ఆ గట్టు దగ్గరికి తీసుకెళ్తాను. నేను ఎవరి వైపో అక్కడ నిలబడి చెబుతాను.

అల్లాహ్ మన చేతులను ఆపే తౌఫీఖ్ ఇవ్వాలి. ఖుదా హాఫిజ్.